ఎగ్జాస్ట్ నిర్మాణం – ఆక్సిజన్ సెన్సర్ పనితీరు

పెట్రోలు ఇంజిన్ వదిలే పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో పసిగట్టి, ఆ సంగతిని విద్యుత్ సంకేతంగా ఈసీయూకు, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కు చేరవేసే పరికరం ఆక్సిజన్ సెన్సర్. దీన్ని లాంబ్డా సెన్సర్ అని కూడా అంటారు. లోపలికి పోతున్న గాలికి తగినంత పెట్రోలు పడుతోందా లేదా అన్నది ఈసీయూకు తెలిసేది ప్రధానంగా దీని ద్వారానే. అయితే ఈ సెన్సర్ ఉండేది సిలిండర్‌లో కాదు, పొగ గొట్టంలో. తన దాకా వచ్చిన పొగను మాత్రమే అది చూడగలదు. ఆ పొగ ఏ సిలిండర్ నుంచి వచ్చింది, ఎంతసేపటికి వచ్చింది, ఎంత వేడిగా వచ్చింది, దారిలో బయటి గాలి కలిసిందా అన్నవన్నీ ఎగ్జాస్ట్ నిర్మాణాన్ని బట్టి ఉంటాయి. అందుకే సెన్సర్ కొత్తదైనా, గొట్టం తీరు బాగాలేకపోతే రీడింగు తప్పుతుంది.

పనిచేసే తీరు

సాధారణ సెన్సర్‌లో ఇట్రియా కలిపిన జిర్కోనియా పింగాణీ ముక్క ఉంటుంది. దాని రెండు ముఖాలకూ సచ్ఛిద్రమైన ప్లాటినం పూత ఉంటుంది. ఒక ముఖానికి పొగ, రెండో ముఖానికి బయటి గాలి తగులుతాయి. వేడి సుమారు 300–350 డిగ్రీల సెల్సియస్ దాటాక ఈ పింగాణీ గుండా ఆక్సిజన్ అయాన్లు కదలగలుగుతాయి. అప్పుడు రెండు వైపులా ఉన్న ఆక్సిజన్ పీడనాల తేడాను బట్టి వోల్టేజి పుడుతుంది. జర్మన్ శాస్త్రవేత్త వాల్తర్ నెర్న్‌స్ట్ 1889లో ఇచ్చిన సమీకరణమే దీనికి ఆధారం.

బరువు లెక్కన ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. ఈ సమతుల్య స్థితినే లాంబ్డా 1 అంటారు. పెట్రోలు ఎక్కువై మిశ్రమం చిక్కబడితే సెన్సర్ 0.8 నుంచి 0.9 వోల్టులు చూపుతుంది. మెకానిక్‌లు రిచ్ అనేది దీన్నే. గాలి ఎక్కువై పలచబడితే, అంటే లీన్ అయితే, వోల్టేజి 0.1 దగ్గరికి పడిపోతుంది. ఈ రెండింటి మధ్య మార్పు 0.45 వోల్టుల చుట్టూ నిట్టనిలువుగా జరుగుతుంది. కాబట్టి మామూలు సెన్సర్ మిశ్రమం ఎటు ఒరిగిందో చెబుతుంది గానీ ఎంత ఒరిగిందో కచ్చితంగా చెప్పలేదు.

ఆ కొలత కూడా కావాలనుకున్నచోట వైడ్‌బ్యాండ్ సెన్సర్ వాడతారు. అందులో నెర్న్‌స్ట్ గదికి, అంటే పైన చెప్పిన పింగాణీ భాగానికి, తోడు ఆక్సిజన్‌ను లోపలికో బయటికో తోడే పంపు గది ఉంటుంది. మధ్యనున్న సన్నని సందులో లాంబ్డా 1 నిలవడానికి ఎంత కరెంటు పంపాల్సి వచ్చిందో చూసి అసలు మిశ్రమాన్ని లెక్కిస్తారు. ఇంధనం మారినా సెన్సర్ వెతికేది లాంబ్డానే. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20 పెట్రోలుకు సమతుల్య నిష్పత్తి 13.5 దగ్గర ఉన్నా సెన్సర్ పని మారదు.

చారిత్రక నేపథ్యం

జర్మనీకి చెందిన బాష్ సంస్థ తయారుచేసిన లాంబ్డా సెన్సర్ 1976లో వోల్వో 240, 260 కార్లతో మార్కెట్లోకి వచ్చింది. అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో కాలుష్య నిబంధనలు బిగియడం దీనికి కారణం. తొలి సెన్సర్లలో హీటర్ లేదు. పొగ వేడితోనే అవి పని చేసే స్థితికి రావాలి. అందువల్ల వాటిని ఇంజిన్‌ను అంటిపెట్టుకుని, సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే మ్యానిఫోల్డ్‌లోనో దాని చివరనో పెట్టక తప్పేది కాదు. ఆ చోటు అన్ని సిలిండర్ల పొగ కలిసే చోటు కాకపోయినా సర్దుకోవాల్సి వచ్చేది.

1982లో హీటర్ ఉన్న సెన్సర్ రావడంతో ఈ కట్టడి సడలింది. పొగ బాగా కలిసే చోటును ఎంచుకుని, కొంచెం కిందికి జరిపి పెట్టే వీలు కలిగింది. 1990లలో వైడ్‌బ్యాండ్ సెన్సర్లు, ఆ తర్వాత పలకలాంటి పలుచని పింగాణీతో ప్లానార్ సెన్సర్లు వచ్చాయి. ప్లానార్ రకం స్టార్ట్ చేసిన పది, పన్నెండు సెకన్లలో పనిలోకి దిగగలదు. ఇదే కాలంలో, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కడానికి దాన్ని ఇంజిన్ పక్కకే జరిపారు. దాంతో సెన్సర్ కూడా మళ్లీ ఇంజిన్ దగ్గరికి చేరింది.

దూరం, ఆలస్యం

ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మిన క్షణానికీ దాని ఫలితం సెన్సర్‌కు అందే క్షణానికీ మధ్య వ్యవధిలో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది, పెట్రోలు సిలిండర్‌లోకి పోయి, మండి, పొగగా బయటపడడానికి పట్టే సమయం. దీనికి క్రాంక్‌షాఫ్ట్ సుమారు రెండు చుట్లు తిరగాలి. రెండోది గొట్టంలో ప్రయాణం. మూడోది సెన్సర్ స్పందన. రెండో భాగాన్ని నిర్ణయించేది గొట్టం పొడవు, వ్యాసం, అందులో పారే పొగ పరిమాణం.

ఉదాహరణకు 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ను తీసుకుని స్థూలంగా లెక్క వేయవచ్చు. 800 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో అది సెకనుకు దాదాపు 2.4 లీటర్ల గాలి పీలుస్తుందనుకుందాం. 400 డిగ్రీల దగ్గర అది వ్యాకోచించి 5.4 లీటర్ల పొగ అవుతుంది. 50 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న గొట్టంలో దాని సగటు వేగం సెకనుకు సుమారు 2.8 మీటర్లు. అంటే ఒక మీటరు దాటడానికి మూడోవంతు సెకనుకు పైనే పడుతుంది. అదే ఇంజిన్ 5,000 ఆర్‌పీఎంలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు సెకనుకు 150 లీటర్లకు పైగా వేడి పొగ వదులుతుంది. ఆ మీటరు దూరం అప్పుడు 13 మిల్లీసెకన్లలోనే గడిచిపోతుంది. గొట్టాన్ని 50 నుంచి 60 మి.మీ.కు పెంచితే అడ్డుకోత వైశాల్యం 44 శాతం పెరుగుతుంది, ఆలస్యమూ అంతే పెరుగుతుంది.

ఈ ఆలస్యం ఐడ్లింగ్‌లోనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఈసీయూ పెట్రోలు పెంచుతూ పోతుంది. చిక్కబడిందన్న కబురు అందేసరికి మిశ్రమం అప్పటికే గీత దాటి ఉంటుంది. అప్పుడు తగ్గించడం మొదలుపెడుతుంది, ఆ కబురూ ఆలస్యంగానే అందుతుంది. సెన్సర్ వోల్టేజి అటూ ఇటూ ఊగడానికి మూలం ఇదే. దారి పొడవైతే ఊగు నెమ్మదించి, దాని వెడల్పు పెరుగుతుంది. కంపెనీ పెట్టిన చోటు నుంచి సెన్సర్‌ను అర మీటరు కిందికి జరిపితే, పాత దూరానికి అమర్చిన ఈసీయూ లెక్కలు కొత్త ఆలస్యానికి సరిపోవు. సెన్సర్ స్పందన మందగించిందనే లోపం కోడ్ పీ0133 కూడా ఈసీయూలో పడవచ్చు.

మ్యానిఫోల్డ్ ఆకృతి, సిలిండర్ల వాటా

నాలుగు సిలిండర్ల పొగకు ఒకే సెన్సర్ ఉన్నప్పుడు అది నలుగురి మాటా సమానంగా వినాలి. పోత ఇనుముతో చేసిన పొట్టి మ్యానిఫోల్డ్‌లో సిలిండర్ల గొట్టాలు వేర్వేరు కోణాల్లో ఒకే గదిలోకి చేరతాయి. సెన్సర్ ఏ గొట్టం నోటికి ఎదురుగా ఉంటే ఆ సిలిండర్ ప్రభావం రీడింగులో ఎక్కువగా కనిపిస్తుంది. ఆ ఒక్క సిలిండర్ ఇంజెక్టర్ మూసుకుపోయి మిశ్రమం పలచబడిందనుకుందాం. ఈసీయూ నాలుగింటికీ పెట్రోలు పెంచేస్తుంది, బాగున్న మూడూ చిక్కబడతాయి. సెన్సర్‌కు దూరంగా ఉన్న సిలిండర్‌లో అదే లోపం వస్తే అసలు పట్టుబడకపోవచ్చు.

స్టీలు గొట్టాల హెడర్లలో 4-1 రకంలో నాలుగు గొట్టాలూ ఒకేచోట కలుస్తాయి. 4-2-1 రకంలో ముందు జంటలుగా, తర్వాత ఒక్కటిగా కలుస్తాయి. 1-3-4-2 వరుసలో పేలే ఇంజిన్లలో 1–4, 2–3 సిలిండర్లను జత చేస్తారు. రెండింటిలోనూ సెన్సర్‌కు సరైన చోటు ఆఖరి కలయిక దాటాక, పొగ కొంత దూరం నడిచి కలిసిపోయాకే. 4-2-1 హెడర్‌లో మొదటి జంట గొట్టంలో సెన్సర్ పెడితే అది రెండు సిలిండర్లనే చూస్తుంది. వీ6, వీ8 ఇంజిన్లలో ఒక్కో వరుసకూ విడి సెన్సర్ ఉండేది ఇందుకే. ఈసీయూ సమాచారాన్ని చదివే స్కానర్‌లో బ్యాంక్ 1, బ్యాంక్ 2 అని కనిపించేవి ఆ వరుసలే.

గొట్టం వంపు తిరిగే చోట కూడా పొగ సమానంగా పారదు. వంపు లోపలి గోడ దగ్గర ప్రవాహం గోడను వదిలి సుడి తిరుగుతుంది. అక్కడ పెట్టిన సెన్సర్‌కు పాత పొగే మళ్లీ మళ్లీ తగులుతుంది.

వేడి, నీరు

సెన్సర్ చల్లబడకూడదు, అతిగా కాలకూడదు. పలుచని స్టీలు గొట్టాలు త్వరగా వేడెక్కినా గాలికి వేడిని త్వరగా కోల్పోతాయి. పోత ఇనుము ఆలస్యంగా వేడెక్కి, వేడిని నిలుపుకుంటుంది. రెండు పొరల మధ్య గాలి సందు ఉంచిన మ్యానిఫోల్డ్‌లు పొగ వేడిని సెన్సర్, కన్వర్టర్ల దాకా కాపాడతాయి. 2012లో వచ్చిన ఫోర్డ్ 1.0 ఎకోబూస్ట్ ఇంజిన్‌లో మ్యానిఫోల్డ్‌ను సిలిండర్ హెడ్‌లోనే పోత పోశారు. దారి కుదించుకుపోయింది, హెడ్‌లోని కూలెంట్ పొగ వేడిని అదుపులో ఉంచుతుంది. ఎక్కువ వాడుకలో ఉన్న బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 వైడ్‌బ్యాండ్ సెన్సర్ పింగాణీ 780 డిగ్రీల దగ్గర పని చేస్తుంది. దాని చుట్టూ పారే పొగ ఎక్కువసేపు 930 డిగ్రీలు దాటకూడదు.

నీటి బెడద ఇంతకన్నా తరచుగా ఎదురవుతుంది. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. గొట్టం గోడ దాదాపు 50 డిగ్రీల లోపు ఉన్నంతసేపూ ఆ ఆవిరి నీటి బొట్లుగా మారుతుంది. ఉదయాన్నే స్టార్ట్ చేసిన కారు సైలెన్సర్ చివర నీళ్లు కారేది ఇందువల్లే. హీటర్ వల్ల ఎర్రగా కాలిన పింగాణీ మీద ఒక చల్లని బొట్టు పడినా పగులు రావచ్చు. అందుకే గొట్టం మంచు బిందువు దాటిందని లెక్క తేలే దాకా ఈసీయూ హీటర్‌కు పూర్తి కరెంటు ఇవ్వదు. గొట్టంలో పల్లం ఉండి, దాని తర్వాతే సెన్సర్ ఉంటే, అక్కడ నిలిచిన నీరు యాక్సిలరేటర్ తొక్కగానే ఎగిరి దాని మీద పడుతుంది. ఎగ్జాస్ట్ గీసేటప్పుడు సెన్సర్‌కు ముందు నీరు నిలిచే చోటు లేకుండా చూసుకునేది ఇందుకే.

లీకులు, పొగ తరంగాలు

గొట్టానికి చిల్లు పడితే పొగ బయటికి పోతుందే తప్ప గాలి లోపలికి ఎలా వస్తుందన్న సందేహం సహజం. పొగ ఒకే ధారగా పారదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 800 ఆర్‌పీఎంలో సెకనుకు సుమారు 27 సార్లు పొగను దెబ్బదెబ్బగా తోస్తుంది. ప్రతి దెబ్బ వెనకా కొద్దిసేపు పీడనం వాతావరణం కన్నా తగ్గుతుంది. ఆ క్షణంలో పగిలిన గాస్కెట్ గుండానో వెల్డింగ్ చీలిక గుండానో బయటి గాలి లోపలికి వస్తుంది.

సెన్సర్‌కు ఆ గాలి ఎక్కడిదో తెలియదు. ఆక్సిజన్ ఎక్కువైంది కాబట్టి మిశ్రమం పలచబడిందనే చెబుతుంది. ఇంజిన్ పీల్చిన గాలిలో రెండు శాతానికి సమానమైన గాలి లీకు ద్వారా వచ్చి కలిస్తే, ఈసీయూ రమారమి రెండు శాతం పెట్రోలు అదనంగా పోస్తుంది. సిలిండర్‌లో మిశ్రమం నిజంగా చిక్కబడుతుంది, ప్లగ్గులకు మసి పడుతుంది, మైలేజీ తగ్గుతుంది. లీకు పెద్దదై ఈ సవరణ ఈసీయూ హద్దు దాటితే, స్కానర్‌లో మాత్రం మిశ్రమం పలుచన అని పీ0171 కోడ్ కనిపిస్తుంది. ఏదైనా సిలిండర్ మిస్ కొట్టినా ఫలితం ఇలాగే ఉంటుంది. మండని పెట్రోలుతో పాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది, సెన్సర్ ఆ ఆక్సిజన్‌నే లెక్కలోకి తీసుకుంటుంది.

పొట్టి గొట్టంతో తెరిచి వదిలేసిన రేసింగ్ ఎగ్జాస్ట్‌లలో లీకు లేకపోయినా ఇదే చిక్కు వస్తుంది. ఐడ్లింగ్‌లో గొట్టం చివరి నుంచే గాలి వెనక్కి ఎగదన్ని సెన్సర్ దాకా చేరుతుంది.

పీడనం, టర్బో

వైడ్‌బ్యాండ్ సెన్సర్ పంపు కరెంటు పొగ పీడనంతో పాటు మారుతుంది. లాంబ్డా 1 దగ్గర కరెంటే ఉండదు కాబట్టి అక్కడ తప్పు రాదు. అక్కడి నుంచి ఎంత దూరం జరిగితే తప్పు అంత పెరుగుతుంది. పీడనం ఎక్కువైతే చిక్కని మిశ్రమం ఇంకా చిక్కగా, పలుచనిది ఇంకా పలుచగా కనిపిస్తుంది. మూసుకుపోయిన కన్వర్టర్ లేదా ఇరుకు సైలెన్సర్ పొగ పీడనాన్ని పెంచితే ఈ తేడా బయటపడుతుంది.

టర్బో ఇంజిన్లలో టర్బైన్‌కు ముందు పీడనం, వేడి రెండూ తీవ్రంగా ఉంటాయి. అందుకే సాధారణంగా సెన్సర్‌ను టర్బైన్ దాటాక, కన్వర్టర్‌కు ముందు పెడతారు. టర్బైన్ చక్రం పొగను చక్కగా కలిపేస్తుంది కూడా. వేస్ట్‌గేట్ తెరిచినప్పుడు పక్కదారిన వచ్చే పొగ ప్రధాన ధారతో కలిసే చోటు దాటాకే సెన్సర్ ఉండాలి.

కన్వర్టర్, రెండో సెన్సర్

త్రీ-వే కన్వర్టర్ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు మూడింటినీ ఒకేసారి శుద్ధి చేయాలంటే మిశ్రమం లాంబ్డా 1 చుట్టూ సన్నని పరిధిలో నిలవాలి. కన్వర్టర్‌లోని సీరియం ఆక్సైడ్ ఎక్కువైన ఆక్సిజన్‌ను దాచుకుని, తక్కువైనప్పుడు విడుస్తుంది. ముందు సెన్సర్ వోల్టేజి ఊగుతున్నా కన్వర్టర్ తర్వాత ఉన్న రెండో సెన్సర్ దాదాపు నిలకడగా ఉండాలి. అది కూడా ముందుదానిలాగే ఊగితే కన్వర్టర్ పని అయిపోయిందని ఈసీయూ తేల్చి పీ0420 కోడ్ వేస్తుంది. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరి అయిన ఓబీడీ-2 అనే స్వీయ తనిఖీ వ్యవస్థ ఈ పోలికను నిబంధనలో భాగం చేసింది.

రెండో సెన్సర్‌కు ఇంకో పని కూడా ఉంది. ముందు సెన్సర్‌కు తగిలేది శుద్ధి కాని పొగ. అందులోని హైడ్రోజన్ ఇతర వాయువుల కన్నా వేగంగా సెన్సర్ పొరలోకి చొరబడి, వోల్టేజి మారే బిందువును కొద్దిగా పలుచన వైపు జరుపుతుంది. కన్వర్టర్ దాటిన పొగ సమతుల్యమై ఉంటుంది కాబట్టి వెనక సెన్సర్ రీడింగు మరింత నమ్మదగినది. దాంతో ఈసీయూ ముందు సెన్సర్ లెక్కను సవరిస్తుంది. రెండు సెన్సర్ల మధ్య లీకు ఉంటే ఈ సవరణే తప్పుదారి పడుతుంది.

బిగించే తీరు

చాలా సెన్సర్ల మర 18 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. పిచ్‌తో ఉంటుంది. బాష్ సూచన ప్రకారం 40–60 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగించాలి. సెన్సర్ మొన కిందికి చూస్తూ, క్షితిజ సమాంతర రేఖకు కనీసం 10 డిగ్రీల కోణంలో ఉండాలి. అలా ఉంటే కవచంలో నీరు నిలవదు. సెన్సర్‌ను బిగించడానికి గొట్టానికి వెల్డింగ్ చేసే బంగ్ మరీ పొడుగైతే సెన్సర్ మొన ధారలోకి రాదు, నిలిచిన పొగలో ఉండిపోయి ఆలస్యంగా స్పందిస్తుంది. కొన్ని సెన్సర్లు పోలిక కోసం కావలసిన బయటి గాలిని వైరు సందుల నుంచే తీసుకుంటాయి. వాటి కనెక్టర్‌లో గ్రీజు, క్లీనింగ్ స్ప్రే వాడకూడదు. సెన్సర్లకు సరిపడని సిలికాన్ సీలెంట్‌ను గాస్కెట్లకు పూస్తే దాని ఆవిరి పింగాణీ మీద తెల్లటి పొరగా పేరుకుని సెన్సర్‌ను చంపేస్తుంది. సీసం కలిసిన పెట్రోలు కూడా అంతే.

మార్పిడి సైలెన్సర్లు, భారతీయ నిబంధనలు

కన్వర్టర్ తర్వాత ఉండే మఫ్లర్‌ను మాత్రమే మారిస్తే ముందు సెన్సర్ మీద ప్రభావం తక్కువ. హెడర్ మార్చినా, కన్వర్టర్ తీసేసి ఖాళీ గొట్టం వేసినా లెక్కలన్నీ మారతాయి. పీ0420 లైటు వెలగకుండా వెనక సెన్సర్‌ను ధార నుంచి బయటికి లాగే స్పేసర్లు అమ్ముతారు. అవి కాలుష్యాన్ని తగ్గించవు, కంప్యూటర్ కళ్లు మాత్రమే మూస్తాయి. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తోంది.

భారత్‌లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో మొదలైంది. సీసం లేని పెట్రోలు 2000లో దేశమంతటా వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 (భారత్ స్టేజ్-6) కాలుష్య ప్రమాణం అమలైంది. బీఎస్-4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు హైదరాబాద్‌లో చేసినా విజయవాడలో చేసినా పొల్యూషన్ పరీక్షలో ఒకటే నియమం: 2,500 ఆర్‌పీఎం దగ్గర లాంబ్డా 0.97–1.03 మధ్య ఉండాలి. గొట్టం చివర పెట్టిన ప్రోబ్ ఆక్సిజన్‌ను కూడా లెక్కిస్తుంది కాబట్టి, ఇంజిన్ బాగున్నా సైలెన్సర్ తుప్పు పట్టి చిల్లు పడితే లాంబ్డా పరిధి దాటవచ్చు.

లోప నిర్ధారణ

స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలును ఎంత పెంచిందో తగ్గించిందో చూపే అంకెలు, లోపం ఎక్కడుందో కొంత సూచిస్తాయి. ఐడ్లింగ్‌లో ట్రిమ్ ఎక్కువగా పెరిగి, 2,500–3,000 ఆర్‌పీఎంలో మామూలుకు వస్తే బయటి గాలి ఎక్కడో చొరబడుతోందని అర్థం. పొగ పరిమాణం పెరిగాక ఆ కాస్త గాలి లెక్కలోకి రాదు. ఇన్‌టేక్ వైపు లీకుకూ, ఎగ్జాస్ట్ లీకుకూ ట్రిమ్ ఒకేలా ఉంటుంది. తేడా ప్లగ్గుల్లో తెలుస్తుంది. ఇన్‌టేక్ లీకును ఈసీయూ సరిదిద్దాక ప్లగ్గులు శుభ్రంగా ఉంటాయి, ఎగ్జాస్ట్ లీకులో మసిబారతాయి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే మ్యానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్ చప్పుడు వచ్చి, వేడెక్కి ఇనుము వ్యాకోచించాక ఆగిపోవడం, గాస్కెట్ అంచున నల్లటి చార కనిపించడం మరో రెండు గుర్తులు. పొగ యంత్రంతో గొట్టంలోకి పొగ ఎక్కిస్తే చిల్లు కంటికి కనిపిస్తుంది. ఇందుకు భిన్నంగా ఎక్కువ వేగంలోనే ట్రిమ్ పెరిగితే పెట్రోలు పంపునో ఫిల్టర్‌నో చూడాలి.

కోడ్ ఏ సర్క్యూట్‌లో తేడా కనిపించిందో చెబుతుందే తప్ప, ఏ భాగం పాడైందో చెప్పదు. హీటర్ తెగిందని చెప్పే పీ0135 లాంటివి సెన్సర్‌ను, దాని వైరింగును, ఫ్యూజును సూటిగా చూపుతాయి. పీ0171, పీ0133, పీ0420 వచ్చినప్పుడు మాత్రం సెన్సర్ కొనే ముందు మ్యానిఫోల్డ్ నుంచి కన్వర్టర్ చివరి దాకా గొట్టాన్ని తనిఖీ చేయాలి.